సైట్ దుమ్ము నుంచి ఊపిరితిత్తులను కాపాడుకోవడం ఎలా: బేల్దారులకు, మేస్త్రీలకు, ఇల్లు కట్టించేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"బండలు కోసేటప్పుడు ఏ మాస్క్ కొనాలన్నా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. కర్నూలులో పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీ అడుగుతాడు, అనంతపురంలో అపార్టుమెంటు కట్టే చిన్న కాంట్రాక్టరూ అడుగుతాడు. జవాబు కింద ఉంది, కానీ ఐదో నంబరులో ఉంది. ముందున్న నాలుగూ వదిలేసి మాస్క్ ఒక్కటే కొంటే డబ్బులు దండగ.

పనిలోకి దిగే ముందు తెలుసుకోవాల్సింది ఇంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిని మొదటి గ్రూపులో పెడుతుంది. రాయి, ఇసుక, కాంక్రీటు కోస్తే వచ్చే సిలికా దుమ్ము ఆ గ్రూపులో ఉంది. పాత సిమెంటు రేకుల్లోని ఆస్‌బెస్టాస్ ఉంది. డీజిల్ పొగను 2012లో, వెల్డింగ్ పొగను 2017లో చేర్చారు. పెయింటర్ వృత్తి కూడా అందులోనే ఉంది. ఇవన్నీ ఒకే సైట్‌లో, కొన్నిసార్లు ఒకే రోజు మన ముక్కులోకి పోతాయి.

ఇంకో మాట. దీని ఫలితం వెంటనే కనపడదు. పదిహేనేళ్లకో, ఇరవై ఏళ్లకో, ఆస్‌బెస్టాస్ అయితే ముప్పై నలభై ఏళ్లకో బయటపడుతుంది. "మా నాయన ముప్పై ఏళ్లు చేసినాడు, ఏం కాలేదు" అనే మాట అందుకే నమ్మదగ్గది కాదు. ఆయన కాలంలో సుత్తి, ఉలి ఉండేవి. ఇప్పుడు నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు ఉంది. సుత్తి దెబ్బకు రాయి ముక్కలవుతుంది, బ్లేడు కింద పిండి అవుతుంది.

1. ముందు మీ సైట్‌లో ఏముందో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఈ వారం జరిగే పనులు రాయండి. ప్రతి పని పక్కన ఏ రాయి, ఏ వస్తువు అన్నది రాయండి. అన్ని దుమ్ములూ ఒకటి కావు. తేడా సిలికా శాతంలో ఉంది.

- ఇసుకరాయి: 70 నుంచి 90 శాతం
- కాంక్రీటు, సిమెంటు మాలు: 25 నుంచి 70 శాతం
- టైల్స్: 30 నుంచి 45 శాతం
- గ్రానైట్: 20 నుంచి 45 శాతం
- ఇటుక: 15 నుంచి 30 శాతం
- సున్నపురాయి, మార్బుల్: 2 శాతం దగ్గర
- వంటగది గట్ల కోసం వస్తున్న కృత్రిమ క్వార్ట్‌జ్ పలకలు: 90 శాతం పైనే ఉండొచ్చు

మన దగ్గర ఇళ్లల్లో పరిచే కడప బండలు, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. గ్రానైట్‌తో పోలిస్తే వాటిలో సిలికా చాలా తక్కువ. అలాగని పొడిగా కోయమని కాదు. తక్కువ ఉన్నదాన్ని రోజంతా పీలిస్తే అది తక్కువ కాకుండా పోతుంది. పునాదికి తెచ్చే కొండరాయి క్వార్ట్‌జైట్ రకమైతే అది దాదాపు అంతా సిలికానే. దాన్ని పొడిగా కొట్టేవాడికే అందరికంటే ఎక్కువ ముప్పు.

చాలామంది సిమెంటు బస్తా అంటే భయపడతారు. సిమెంటు పొడి కళ్లు మండిస్తుంది, చేతులు పగలగొడుతుంది, దగ్గు తెప్పిస్తుంది. కానీ అందులో ఊపిరితిత్తులను పాడుచేసే రకం సిలికా (స్ఫటిక సిలికా) చాలా స్వల్పం. అదే సిమెంటు ఇసుకతో, కంకరతో కలిసి గట్టిపడ్డాక బ్లేడు పెట్టి కోస్తే అసలు సంగతి అప్పుడు మొదలవుతుంది. భయం పడాల్సింది బస్తా దగ్గర కాదు, గ్రైండరు దగ్గర.

కాగితం మీద ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

□ గోడలో కరెంటు పైపులకు గాడి కొట్టడం
□ స్లాబు, పిల్లరు చిప్పింగ్, బ్రేకరు పని
□ టైల్స్, గ్రానైట్, బండల కటింగ్, మూలలు పాలిష్
□ ఇసుక, రోబో శాండ్ జల్లించడం
□ పుట్టీ రుద్దడం, పాత పెయింటు గీకడం
□ పాత రేకులు దించడం, రేకులకు బెజ్జాలు
□ మూసిన గదిలో వెల్డింగ్, జనరేటరు
□ పొడి ఊడ్పు

చివరిదాన్ని ఎవరూ పనిగా లెక్కేయరు. అందుకే రాయమంటున్నాను.

2. కోయాల్సిన పనినే తగ్గించండి

ఇది ఇంజనీరు, ఇంటి యజమాని చేతిలో ఉన్న పని. కూలీ చేతిలో లేదు.

కరెంటు పైపులు ఎక్కడెక్కడ పోవాలో గోడ లేవకముందే తేల్చుకోండి. బోర్డుల చోటు, గీజరు పాయింటు, ఏసీ పాయింటు ముందే గీస్తే గోడ కట్టేటప్పుడే పైపు లోపల పెట్టొచ్చు. ప్లాస్టరింగ్ అయిపోయాక "ఈడొక ప్లగ్ పాయింటు కావాల" అంటే ఎలక్ట్రీషియన్ గ్రైండరు తీస్తాడు. తలుపులు మూసిన గదిలో పది నిమిషాలు గాడి కొట్టినా మనిషికి మనిషి కనపడడు. నా లెక్కలో ఇంటి పనిలో అన్నిటికంటే చెడ్డ దుమ్ము అదే.

బండలు, గ్రానైట్ కొనేటప్పుడు కొలతలు ఇచ్చి కోయించుకుని తెచ్చుకోండి. తాడిపత్రిలో గానీ బేతంచెర్లలో గానీ ఫ్యాక్టరీ మిషన్లు నీళ్ల కింద కోస్తాయి. మెట్లు, గుమ్మాలు, కిటికీ కింద పట్టీలు, వంటగట్టు అన్నీ అక్కడే కోయిస్తే సైట్‌లో మిగిలేది అంచులు సరిచేసే పని మాత్రమే. కొలత తీసేటప్పుడు మేస్త్రీని పక్కన పెట్టుకోండి. లేకపోతే తెచ్చిన ప్రతి బండనూ మళ్లీ కోయాలి.

టైల్స్ విషయంలో సూటి కోతలకు చేత్తో గీసి విరిచే టైల్ కట్టర్ వాడండి. దుమ్ము దాదాపు రాదు. మూలకు, పైపు బెజ్జానికి మాత్రమే మిషన్.

3. నీళ్లతో కోయండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. బ్లేడు రాయిని తాకే చోటే నీళ్లు పడితే దుమ్ము గాల్లోకి లేవకుండా బురదై కిందికి జారుతుంది. లేచిన దుమ్మును తర్వాత పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కంటికి కనపడేది కాసేపటికి కింద పడుతుంది. కనపడని సన్నటిది గంటల తరబడి గాల్లోనే తిరుగుతుంది. ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేది ఆ సన్నటిదే.

ఎంత తక్కువ దుమ్ము ఎక్కువవుతుందో ఒక లెక్క చూడండి. అమెరికాలో నిర్మాణ పనికి 2016లో పెట్టిన పరిమితి, 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సిలికా. ఒక షిఫ్టులో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే రోజు మొత్తానికి అర మిల్లీగ్రాము. చిటికెడు ఉప్పులో వందో వంతు కూడా కాదు.

వరుస ఇది:

ఒకటి, నీళ్ల పైపు తగిలించుకునే వీలున్న మార్బుల్ కట్టర్ తెచ్చుకోండి. మామూలు చేతి గ్రైండరు మీద నీళ్లు పోయొద్దు. అది నీళ్లకు చేసిన మిషన్ కాదు, షాక్ కొట్టి మనిషి పోతాడు.

రెండు, కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును తెంచేసే స్విచ్) ఉందో లేదో చూడండి. టెస్ట్ బటన్ నొక్కితే లైను పడిపోవాలి. వైరుకు అతుకులు ఉండకూడదు, ప్లగ్ నేల మీద నీళ్లలో ఉండకూడదు. సైట్‌లో ఆర్‌సీసీబీ లేకపోతే నీళ్లతో కోసే పని ఆ రోజుకు ఆపి ముందు అది పెట్టించండి.

మూడు, నీళ్ల ఏర్పాటు. పెద్ద కటింగ్ మిషన్‌కు నిమిషానికి కనీసం అర లీటరు పడాలి. కుళాయి లేకపోతే పొలంలో మందు కొట్టే చేతి స్ప్రేయరు చాలు. కొత్తది కొనండి, పురుగుమందు కొట్టింది వద్దు. ఒకరు కోస్తుంటే ఒకరు బ్లేడు తాకే చోట కొడుతూ ఉండాలి. బాటిల్ మూతకు బెజ్జం చేసి చుక్కలు చుక్కలుగా వేసే పద్ధతి కంటితుడుపు. దుమ్ము లేస్తూనే ఉంటుంది.

నాలుగు, ముందు నీళ్లు, తర్వాత బ్లేడు. ఆపేటప్పుడు ముందు బ్లేడు, తర్వాత నీళ్లు.

ఐదు, కోత అయ్యాక ఆ బురదను తడిగా ఉండగానే ఎత్తి బస్తాలో పోయండి. ఎండిపోతే మళ్లీ అదే దుమ్ము. ఈ అడుగు దగ్గరే పది సైట్లలో తొమ్మిది తప్పిపోతాయి.

"అనంతపురంలో తాగడానికే నీళ్లు లేవు, కోతకు యాడ తేవాల" అంటారు. న్యాయమైన మాటే. కానీ అదే సైట్‌లో స్లాబు క్యూరింగ్‌కు ట్యాంకరు వస్తుంది. గంట కోతకు ముప్పై లీటర్లు, రెండు మూడు బిందెలు. తాగే నీళ్లే కానక్కర్లేదు, బోరు ఉప్పునీళ్లయినా పర్లేదు. పని అయ్యాక మిషన్‌ను ఒకసారి మంచినీళ్లతో కడిగితే తుప్పు పట్టదు.

నీళ్లు పనికిరాని చోట, ఉదాహరణకు పూర్తయిన ఇంట్లో గాడి కొట్టాలంటే, దుమ్ము పీల్చే మూత ఉన్న కట్టరుకు సన్నటి దుమ్మును ఆపే ఫిల్టరున్న వాక్యూమ్ తగిలించాలి. మామూలు ఇంటి వాక్యూమ్ వాడితే సన్నటి దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. ఇవి అద్దెకు దొరుకుతాయేమో ముందు అడగండి, ఒక్క ఇంటికోసం కొనక్కర్లేదు.

కోసే చోటు కూడా ముఖ్యమే. బయట ఒక్క చోట పెట్టండి. ఇసుక జల్లించేవాళ్లకు, అన్నం తినే చోటికి దూరంగా ఉండాలి. గాలి పక్కనుంచి దుమ్మును తోసుకుపోయేలా నిలబడండి. లోపల గదిలో పెడస్టల్ ఫ్యాన్ పెడితే చల్లగా ఉంటుంది గానీ దుమ్మంతా పక్కగదిలో పనిచేసేవాడి మీదకు పోతుంది. ఫ్యాన్ పెడితే కిటికీలో బయటికి తిప్పి పెట్టండి.

4. పరక పక్కన పెట్టండి

సాయంత్రం సైట్ ఊడ్చేది ఎక్కువగా ఆడకూలీలు. కోసినవాడికి కనీసం ఒక టవలైనా ఉంటుంది, వీళ్లకు కొంగు తప్ప ఏమీ ఉండదు. రోజంతా కింద పడిన సన్నటి దుమ్మునంతా పరక ఒక్క పావుగంటలో మళ్లీ గాల్లోకి లేపుతుంది. మాస్కులు పంచితే మొదటిది వీళ్లకే ఇవ్వాలని నా అభిప్రాయం.

□ ఊడ్చే ముందు నీళ్లు చిలకరించండి, లేదా తడి రంపపు పొట్టు చల్లి ఊడ్చండి
□ కంప్రెసరు గాలితో గది గానీ, బట్టలు గానీ, ఒళ్లు గానీ ఊదొద్దు
□ ఇసుక, రోబో శాండ్ జల్లించే ముందు కొంచెం తడపండి
□ సిమెంటు బస్తాను నేల మీదే కోసి నెమ్మదిగా జార్చండి, పైనుంచి గుమ్మరించొద్దు
□ అమ్ముకోవడానికి ఖాళీ బస్తాలు దులపొద్దు, మడిచి కట్టేయండి
□ కూల్చిన గోడ ముక్కలు పై అంతస్తు నుంచి విసరకుండా తడిపి, గంపల్లో దించండి

5. ఇప్పుడు మాస్క్

టవలు మాస్క్ కాదు. కొంగు కాదు. చెవులకు తగిలించే నీలం సర్జికల్ మాస్క్ కూడా కాదు. అవి పెద్ద రేణువుల్ని ఆపుతాయి, వాటిని మన ముక్కే ఆపుతుంది.

కొనాల్సింది: ఎన్95, లేదా మన దేశపు ఐఎస్ 9473 ప్రమాణం ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2. తలకు రెండు పట్టీలు ఉండాలి, ఒకటి నడినెత్తి దగ్గర, ఒకటి మెడ వెనక. చెవి పట్టీల రకం ఎంత మంచిదని రాసి ఉన్నా ముఖానికి సరిగా అతకదు. రోజూ కటింగ్ చేసేవాళ్లు రబ్బరు హాఫ్ మాస్క్ కొనుక్కోవడం మేలు. ఫిల్టర్లు మార్చుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది, కడుక్కోవచ్చు, లెక్కేస్తే చవక కూడా.

పెట్టుకునే వరుస:

- చేతులు తుడుచుకుని, మాస్క్‌ను గడ్డం కింద నుంచి పైకి తీసుకురండి.
- పై పట్టీ నడినెత్తికి, కింది పట్టీ మెడకు. రెండూ మెడకే వేస్తే జారుతుంది.
- ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో రెండు వైపులా నొక్కండి. ఒక్క చేత్తో గిల్లితే మధ్యలో సందు మిగులుతుంది.
- రెండు అరచేతులూ మాస్క్ మీద మూసి గట్టిగా ఊపిరి పీల్చండి. మాస్క్ కొంచెం లోపలికి లాగాలి. అంచుల నుంచి చల్లగాలి తగిలితే మళ్లీ సర్దండి.

సాధారణంగా జరిగే తప్పులు, వాటికి మందు:

*గడ్డం.* మాస్క్ అంచు కింద వెంట్రుకలుంటే గాలి ఆ సందులోంచే పోతుంది. కటింగ్ పని రోజుల్లో అంచు తగిలే చోటైనా గీసుకోవాలి. మొక్కు కోసమో, మతం కోసమో గడ్డం ఉంచినవాళ్లకు ఆ పని బదులు వేరే పని ఇవ్వడం మేస్త్రీ బాధ్యత.

*చెమట.* మే నెలలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, పదిగంటలకే మాస్క్ తడిసిపోతుంది. తడిసిన మాస్క్‌తో ఊపిరాడదు, అందుకే పీకి పక్కన పెడతారు. మనిషిని తిట్టి లాభం లేదు. కటింగ్ అంతా పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపల పెట్టండి, తర్వాత మాలు పని చేయించండి. వాల్వు ఉన్న మాస్క్ కొంచెం చల్లగా ఉంటుంది.

*మెడలో వేలాడే మాస్క్.* బీడీకి, ఫోనుకు కిందికి లాగితే లోపలి వైపు దుమ్ము అంటుకుంటుంది. మళ్లీ పైకి లాగితే అది నేరుగా నోట్లోకే. తీయాల్సి వస్తే కోసే చోటు నుంచి దూరంగా పోయి పూర్తిగా తీసేసి, శుభ్రమైన డబ్బాలో పెట్టండి. మేకుకు తగిలించొద్దు.

*ఒకే మాస్క్ నెలంతా.* ఊపిరి బరువైనా, పట్టీ సాగినా, ఆకారం పోయినా మార్చాలి. దుమ్ము పనిలో రోజుకొకటి అనుకోండి. ఉతికితే పనికిరాదు.

అన్నీ సరిగా చేసినా ఈ రకం మాస్క్ దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. పొడి కోత పెట్టే దుమ్ముకు అది చాలదు. నీళ్లను మాస్క్ కంటే ముందు పెట్టింది ఇందుకే.

6. పాత సిమెంటు రేకులు దించడం

పులివెందుల పక్కన ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ గనులే నడిచాయి కాబట్టి ఈ పేరు మనకు కొత్త కాదు. ఇప్పుడు దేశంలో ఆస్‌బెస్టాస్ తవ్వకం లేదు గానీ, తెల్ల ఆస్‌బెస్టాస్ బయటి నుంచి తెచ్చి రేకుల తయారీలో వాడుతూనే ఉన్నారు. బూడిదరంగు అలల సిమెంటు రేకు కనపడితే, లేదని కంపెనీ రాసి ఉంటే తప్ప, ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోండి. చూసి చెప్పడం కుదరదు.

ముందుగా నిర్ణయం. పగలని, కదిలించని రేకు వల్ల ప్రమాదం తక్కువ. ఇది చదివి భయపడి రేపే రేకులు పీకించొద్దు. అంచులు పొడిపొడిగా రాలుతుంటే, పగిలి ఉంటే, ఎలాగూ ఇల్లు పడగొడుతుంటే అప్పుడు దించండి. పెద్ద గోడౌన్ లాంటివైతే అలవాటున్న వాళ్లకు ఇవ్వాలి. చిన్న వరండా కప్పు మీరే దించక తప్పదంటే వరుస ఇది:

- ఇంట్లోవాళ్లను, పిల్లలను ఆ పూటకు బంధువుల ఇంటికి పంపండి. నీళ్ల తొట్లు, వంటసామాను కప్పండి. పక్కింటివాళ్లకు చెప్పండి.
- పనిచేసేవాళ్లు ఎఫ్ఎఫ్‌పీ3 (ఎఫ్ఎఫ్‌పీ2 కంటే ఎక్కువ ఆపే రకం), లేదా అదే స్థాయి పీ3 ఫిల్టరున్న హాఫ్ మాస్క్ పెట్టుకోవాలి. నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ, అన్నీ తర్వాత పారేసేవి.
- రేకు మీద కాలు పెట్టొద్దు. ఈ పనిలో క్యాన్సర్ కంటే ముందు చంపేది రేకు విరిగి కింద పడటం. వాసాల మీద ఆనేలా పలకలు వేసుకుని వాటి మీదే నడవండి, నడుముకు బెల్టు కట్టండి.
- స్ప్రేయరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేయండి, నీళ్లు లోపలికి ఇంకుతాయి. రెండు వైపులా తడపండి. ధారగా కొట్టొద్దు, పొగమంచులా కొట్టండి.
- హుక్కుల నట్లు విప్పండి. తుప్పు పట్టి రాకపోతే బోల్ట్ కట్టరుతో తెంచండి. గ్రైండరు వద్దు, రంపం వద్దు, సుత్తితో కొట్టి పగలగొట్టడం అసలే వద్దు.
- ఒక్కొక్క రేకునే చేతికి చేతికి అందించి దించండి. విసరొద్దు.
- మందం పాలిథిన్‌లో చుట్టి టేపు వేసి, పైన "ఆస్‌బెస్టాస్, విప్పొద్దు" అని తెలుగులో రాయండి. పగిలిన ముక్కలు, వాడిన బట్టలు, మాస్కులు కూడా ఇందులోకే.
- నేలను తడిగుడ్డతో తుడవండి. ఊడ్వొద్దు.

దించినవాటిని ఏం చేయాలన్నదే పెద్ద తలనొప్పి. ఇది ప్రమాదకర వ్యర్థం. దించకముందే మున్సిపాలిటీనో, పంచాయతీనో, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసునో అడిగి ఎక్కడ ఇవ్వాలో తేల్చుకోండి. వంకలో పారేయడం, పునాది నింపడానికి దంచి వేయడం, గొర్రెల దొడ్డికి ముక్కలు కోసి కప్పడం, ఈ మూడూ మన ఊళ్లల్లో మామూలుగా జరిగేవే, మూడూ తప్పే. కొత్తగా కప్పు వేసేవాళ్లు ఆస్‌బెస్టాస్ లేని రేకు అడిగి కొనండి. ముందు ముందు ఎవరో ఒకరు దాన్ని దించాలి కదా.

7. వెల్డింగ్, డీజిల్, పెయింట్

గేట్లు, గ్రిల్లుల వెల్డింగ్ బయట చేయండి. పొగ లేచే దారిలో ముఖం పెట్టకుండా పక్కకు ఉండండి. స్టీలు రెయిలింగ్ వెల్డింగ్‌లో క్రోమియం, నికెల్ పొగ వస్తుంది, అది మామూలు ఇనుము కంటే చెడ్డది. పెయింటు, జింకు పూత ఉన్న చోట ముందు గీకి శుభ్రం చేసి తర్వాత వెల్డ్ చేయండి.

జనరేటరు, మిల్లర్ పొగగొట్టం మనుషుల వైపు, గది వైపు తిరిగి ఉండకూడదు. సెల్లారులో జనరేటరు పెట్టొద్దు. పుట్టీని తడిచేసి రుద్దండి. పాత పెయింటును మంటతో కాల్చొద్దు.

8. దుమ్మును ఇంటికి మోసుకెళ్లొద్దు

□ సైట్‌లోనే బట్టలు మార్చుకోండి, దులపకుండా కవరులో పెట్టండి
□ ఇంట్లో ముందు నీళ్లలో నానబెట్టి, మిగతా బట్టలతో కలపకుండా ఉతకండి
□ స్నానం అయ్యాకే చంటిపిల్లల్ని ఎత్తుకోండి
□ అన్నం ముందు చేతులు, ముఖం, మూతి కడుక్కోండి

ఆస్‌బెస్టాస్ కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకు ఊపిరితిత్తుల పై పొర క్యాన్సర్ వచ్చిన సంగతి వైద్యుల రికార్డుల్లో ఉంది. కాబట్టి ఇది చాదస్తం కాదు.

9. బీడీ

దుమ్ము, పొగ కలిస్తే ప్రమాదం కూడిక కాదు. ఆస్‌బెస్టాస్ విషయంలో దాదాపు గుణకారం. సిలికాకు కూడా పొగతాగే వాళ్లలోనే ముప్పు బాగా ఎక్కువ. మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు, మానని వాళ్లతో పోలిస్తే సగానికి దిగుతుంది. యాభై ఏళ్ల మేస్త్రీ మానినా లాభమే. ఒంటరిగా మానడం కష్టమైతే ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేయండి, మానిపించడానికి సాయం చేస్తారు. కాంట్రాక్టర్లకు ఒక మాట: కూలీతో పాటు బీడీ కట్ట ఇచ్చే అలవాటు ఉంటే దాని బదులు టీ, బన్ను ఇవ్వండి.

10. పరీక్షలు, డాక్టరు దగ్గర చెప్పాల్సింది

ఏ బాధా లేనప్పుడే ఒక ఛాతీ ఎక్స్‌రే, ఒక స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి సామర్థ్యం చూసే పరీక్ష) చేయించుకుని ఆ కాగితాలు దాచండి. తర్వాత తేడా వస్తే పోల్చడానికి అవే ఆధారం.

ఆగకుండా వెళ్లాల్సిన లక్షణాలు:

□ రెండు వారాలు దాటిన దగ్గు, లేదా పాత దగ్గు తీరు మారడం
□ కళ్లెలో రక్తం, చారలైనా సరే
□ కారణం లేకుండా బరువు తగ్గడం
□ మెట్లెక్కితే కొత్తగా ఆయాసం
□ గొంతు బొంగురు పోయి తగ్గకపోవడం
□ ఛాతీలో, భుజంలో వదలని నొప్పి
□ వేళ్ల కొసలు ఉబ్బి గోళ్లు గుండ్రంగా మారడం

మొదటి దశలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఏ లక్షణమూ చూపకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నంత మాత్రాన పూర్తిగా ధీమా పడలేం.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. దగ్గు, రక్తం, బరువు తగ్గడం అనగానే టీబీ అంటారు. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ వచ్చే అవకాశం నిజంగానే ఎక్కువ, కాబట్టి కళ్లె పరీక్ష ముందు చేయించాల్సిందే. అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కానీ కళ్లెలో టీబీ క్రిమి లేదని వచ్చినా మందులు మొదలుపెట్టి, రెండు నెలలైనా గుణం కనపడకపోతే ఊరుకోవద్దు. "సీటీ స్కాన్ తీయాలా, ముక్క పరీక్ష చేయాలా సార్" అని నేరుగా అడగండి. క్యాన్సర్‌ను టీబీ అనుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

డాక్టరు "ఏం పని చేస్తావు" అని అడిగితే "కూలీ" అని ఊరుకోకండి. ఇలా రాసిన చీటీ ఇవ్వండి:

- పని: గ్రానైట్, టైల్స్ కటింగ్, ఎక్కువ పొడిగా
- ఎన్నేళ్లు: 2004 నుంచి, అంతకుముందు రాళ్లు కొట్టే పని
- రేకులు దించిన పని: అప్పుడప్పుడు
- బీడీ: రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు, మానేస్తే ఎప్పుడు
- ఇంతకుముందు టీబీ: ఉందా, లేదా

యాభై దాటి, ఏళ్ల తరబడి దుమ్ములో చేసి, బాగా బీడీలు తాగినవాళ్లు తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ గురించి డాక్టరును అడగొచ్చు. అందరికీ అవసరం లేదు. చిన్న మచ్చ కనపడినా అనవసరపు టెన్షన్, మళ్లీ మళ్లీ స్కాన్లు.

కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి, మొదట అక్కడి ఊపిరితిత్తుల విభాగానికి వెళ్లండి. కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. క్యాన్సర్ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది, మొన్నటి దాకా ఆరోగ్యశ్రీ అన్నది అదే. వివరాలకు 104.

11. కార్డు, నోటుబుక్కు

జబ్బు ఇరవై ఏళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి ఆ కాంట్రాక్టరు ఉండడు, సైట్ ఉండదు, మీరు అక్కడ పనిచేశారనే ఆధారమూ ఉండదు. సిలికోసిస్ (సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్ చట్టం ఒప్పుకున్న వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. పరిహారం అడిగే హక్కు ఉంది. నిరూపించుకోవడమే కష్టం. కాబట్టి ఇప్పటి నుంచే:

□ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోండి. వయసు 18 నుంచి 60 మధ్య ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. కార్మిక శాఖ ఆఫీసులో అడగండి
□ కార్డు గడువు దాటకుండా రెన్యూవల్ చేయించుకోండి. పనిలో "కూలీ" అని కాకుండా "రాళ్ల కటింగ్", "టైల్స్ పని" అని అసలు పని రాయించండి
□ చిన్న నోటుబుక్కులో ప్రతి సైట్‌కు ఒక వరస: ఊరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, మేస్త్రీ పేరు, ఏ పని, పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు
□ కూలీ ఫోన్‌పేలో వస్తే ఆ మెసేజీలు తుడిచేయొద్దు
□ ఎక్స్‌రేలు, చీటీలు ఒకే కవరులో పెట్టండి
□ జబ్బు తేలితే డాక్టరు రాసే కాగితంలో మీరు చేసిన పని, ఎన్నేళ్లు అన్నది కూడా రాయమని అడగండి

రాయడం రానివాళ్లు ఇంట్లో చదువుకునే పిల్లలతో నెలకొకసారి రాయించుకుంటే సరిపోతుంది. ఆ పేజీని ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. నోటుబుక్కు పోయినా ఫోటో మిగులుతుంది.